ఏటి ఒడ్డున ఎలుగుబంటి

అక్కా,

దగ్గు తగ్గింది, వేళకి తింటున్నాను, బెంగపడకు.

పిల్లల కథల మ్యూజియంలో పని కుదిరిందని రాశానుగా. కుర్చీలో కూర్చుని, వచ్చిన పిల్లలకి కథలు చెప్పడమే పని. అమ్మ పోయాక మొదటిసారి, నిన్న అమ్మ కథ ఎత్తుకున్నాను. అదే, ఇల్లు వీపున మోసుకు తిరిగే ఎలుగుబంటి కథ. ఎలుగు ఏటి ఒడ్డుకి వచ్చేసరికి నా నోరు ఆగిపోయింది. ముందుపళ్లు ఊడిన ఓ పిల్ల "తర్వాత?" అంది. తర్వాత ఏముందో నాకు తెలిస్తేగా! రోజూ అక్కడికే నాకు నిద్ర పట్టేసేది. మర్నాడు అమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పేది. "మీకే రాదా?" అని ఆ పిల్ల లేచి వెళ్లిపోయింది. తల కొట్టేసినట్టయింది.

మా మేడమ్‌కి మాత్రం కథ నచ్చింది. రికార్డు చేసి, మీట నొక్కితే వినపడేలా పెట్టి, కింద అమ్మ పేరు రాయిస్తారట. అమ్మ ఉంటే అమ్మనే అడిగేవాణ్ణి. నువ్వు నాకన్నా ఆలస్యంగా పడుకునేదానివి కదా, ఎలుగు ఏరు ఎలా దాటింది? ఇల్లు దించేసిందా? వెంటనే రాయి. పాపం, నిన్నటినుంచీ అది మోస్తూ నిలబడే ఉంది.

వంటింటి కప్పు కారడం ఆగిందా? నా పాత స్వెట్టరు పంపు, ఇక్కడ గదులన్నీ చలే. బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

చోటు అయిపోయింది. నీకూ అక్కడికే నిద్ర పట్టేసి ఉంటే, ఏదో ఒకటి కల్పించి రాయి. కానీ అమ్మే చెప్పిందని రాయి.

నీ తమ్ముడు