గొళ్ళెం లేని స్నానాల గది

మహారాజశ్రీ మా ఆవిడ గారి సముఖానికి, మీ ఆయన చేతులు కట్టుకుని రాయునది. ఇక్కడ అక్క, బావ, నేను ముగ్గురం బాగున్నాం. నేను బాగున్నానని నేనే రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి అక్క చేత కూడా అనిపించాను. "బాగానే ఉన్నాడు, నోరు ఇంకా బాగుంది" అని రాయమంది.

అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. మత్తు మాన్పించే సెంటర్ నుంచి వచ్చినప్పుడు నడుము మీద నిలవని ప్యాంటుకి ఇప్పుడు బొత్తాం పట్టడం లేదు. తాళాల షాపు యజమాని మళ్ళీ పనిలోకి తీసుకున్నాడు. మొదట్లో తాళంచెవులు నా చేతికివ్వకుండా, కొత్త తలుపులకి బోల్టులు బిగించడానికే పంపేవాడు. ఇప్పుడు అన్నీ చేయిస్తున్నాడు. మొన్న ఆయన టీ గ్లాసుని జిగురేసి బల్లకి అంటించాను. కాసేపు పీకి చూసి, "నీకు పూర్తిగా నయమైపోయిందిరా, నా ఖర్మ" అన్నాడు.

పాట సంగతి అడిగావు. పాడుతూనే ఉన్నాను. అప్పట్లో మత్తెక్కి స్నానాల గదిలో పడిపోతే తలుపు విరగ్గొట్టి నన్ను బయటికి లాగాల్సి వచ్చిందని, బావ లోపలి గొళ్ళెం ఊడదీసేశాడు కదా. లోపల ఉన్నంతసేపూ నేను పాడాలి. పాట ఆగితే ఎవరైనా తోసుకుని రావచ్చు. అదీ ఒప్పందం. ఊళ్ళోవాళ్ళ తలుపులకి గొళ్ళేలు బిగించి వచ్చి, ఇంట్లో గొంతు చించుకుంటున్నాను. బావ బట్టతల మీద సొంతంగా పాట కట్టి, రోజుకో చరణం కలుపుతున్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని విననట్టే ఉంటాడు గానీ, నిన్న నేనొక చరణం మర్చిపోతే బయటినుంచి అందించింది ఆయనే.

ఇక అసలు సంగతి. "వదిన ఆ గొళ్ళెం తిరిగిచ్చిన రోజున ఈ కుట్టు ఫ్యాక్టరీ పని మానేసి వచ్చేస్తాను, మనం వేరే గది తీసుకుందాం" అన్నావు. పోయిన వారమే ఇచ్చింది. "ఆదివారం బిగించుకో. నీ పాట భరించడం కంటే నిన్ను నమ్మడమే సుఖం" అంది. ఆ మాట నీకు వెంటనే రాయాల్సింది. ఎందుకు రాయలేదో చెప్తాను, కూర్చుని చదువు.

గొళ్ళెం ఇచ్చిన మర్నాడే పాత స్నేహితుడొకడు షాపుకొచ్చాడు. తాళం కొనడానికి కాదు. వెళ్తూ వెళ్తూ చెయ్యి కలిపాడు, నా చేతిలో చిన్న పొట్లం మిగిలింది. పారేయలేదు. ఇంటికి తెచ్చాను. స్నానాల గదిలోకెళ్ళి, కుళాయి తిప్పి, బట్టలతోనే నిలబడ్డాను. పాడటం మర్చిపోయాను. బకెట్టు నిండి పొర్లిపోతోంది. సబ్బు నురగ చేతులతో అక్క తలుపు తోసుకుని వచ్చింది.

"ఏంట్రా, పాటేది?"

"నువ్వు వస్తావో రావో చూద్దామని ఆపాను."

"నీ వేషాలు తగలెయ్య, నా గుండె ఆగిపోయేది" అని తడి చేత్తో వీపు మీద ఒక్కటిచ్చి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. పిడికిలి విప్పమని అడగలేదు. నేనే విప్పి, పొట్లాన్ని మరుగుదొడ్లో పడేసి నీళ్ళు కొట్టేశాను. అప్పుడు తట్టింది. వాడు ఆదివారం దాటాక వచ్చి ఉంటే, ఆ తలుపుకి గొళ్ళెం ఉండేది.

ఆదివారం సరిపోయే స్క్రూలు దొరకలేదని చెప్పాను. తాళాల షాపులో పనిచేసేవాడికి స్క్రూలు దొరకలేదంటే ఎవరైనా నమ్ముతారా? అక్క నమ్మింది. అదే నన్ను తినేసింది. ఇవాళ ఆవిడ గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముందు ఇదీ వేళాకోళమే అనుకుంది. నా మొహం చూసి తోమడం ఆపింది. సెంటర్‌కి ఫోన్ చేస్తుందనుకున్నాను. గొళ్ళెం తెచ్చి ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని తీసుకుంది.

"రేపట్నుంచి ఇంకొంచెం పెద్దగా పాడు. కుక్కర్ కూతలో వినబడి చావట్లేదు" అంది.

కాబట్టి పని ఇప్పుడే మానెయ్యకు. తిట్లేమైనా ఉంటే ఉత్తరంలో దాచుకోకుండా రాయి. సెలవు దొరికితే ఒకసారి వచ్చి, బయట కుర్చీ వేసుకుని విను. కొత్త చరణం నీ మీదే కట్టాను. నచ్చకపోతే తలుపు తోసుకుని రావచ్చు.

ఇట్లు,
ఇంకా పాడుతూనే ఉన్న
మీ ఆయన