సరంగు ఫోటోకు దండ

నాయినా,

ఇది నువ్వు సదవవని ఎరుకే. రాయకుంటే నా ఒంటి మంట సల్లారేటట్టు లేదు.

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. భద్రాచలం రేవుల, నువ్వు నడిపిన లాంచీలనే స్టీరింగ్ పైన నీ ఫోటో పెట్టిండ్రు. ఓనరే దండేసి, "గిట్లాంటి సరంగు గోదారిల మళ్ల పుట్టడు" అన్నడు. సిగ్గు లేకుండ!

వరద తీసినంక ఇసుక దిబ్బలు జాగ మారుతయని, నువ్వు ముందుగాల ఖాళీ లాంచీ తీస్కపోయి, వెదురు గెడతోటి లోతు చూసేటోనివి. నీళ్లు తక్కువున్న కాడ ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతేటోనివి. గప్పటిదాక ఒక్క మనిషిని ఎక్కనిచ్చేటోనివి కాదు. ఓ ఏడు లోతు చూడకుండనే లాంచీ తియ్యమన్నడు ఇదే ఓనరు. నువ్వు తియ్యనన్నవ్. తెల్లారే స్టీరింగ్ ఇంకొకని చేతిల పెట్టిండు. రేవుల లాంచీకి తాడు కట్టే పనిల చేరి సరంగువైనోనివి, మళ్ల ఆ తాడుకే వొచ్చినవ్. సచ్చేదాక ఒక్క మాటన్న అనకపోతివి. నీ మీద గూడ నాకు గందుకే కోపం.

దండేసిన చెయ్యి తడారకముందే "ఎక్కుర్రి, జల్దీ ఎక్కుర్రి" అని జనాన్ని పిలిచిండు.

"మొన్ననే వరద తీసె, గెడ పెట్టి చూసిండ్రా?" అని అడిగిన.

"ఇప్పుడు గయన్ని ఎవరు చూస్తున్నరమ్మా" అని నవ్విండు.

దండతోటి సహా నీ ఫోటో పీకిన. "లోతు చూడకుండ మా నాయిన ఈ లాంచీ తియ్యలే! దిగుర్రి!" అని రేవంత ఇనబడేటట్టు ఒర్రిన. సగం మంది దిగిండ్రు. సగం కిరాయి గిట్టదని ఓనరు ఆపిండు, ఇగ లాంచీ కదల్లే.

రేపు పొద్దుగాల నీ గెడ తీస్కొని నాటుపడవల నేనే పోత. ఎర్రగుడ్డలు నేనే కడ్త. నా చేతిల ఎవడు తాడు పెడ్తడో చూస్త.

నీ బిడ్డ