విమానం ఎక్కని ఉయ్యాల

అక్కా,

ఇక్కడ అందరం కులాసా, కంగారుపడకు. విమానంలో వచ్చి వాలతామన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. కారులో వస్తున్నాం.

అంతా మీ మరిది పుణ్యమే. ఇన్నేళ్లకు నీ కడుపు పండిందని, షాపులో చేయాల్సిన మంచాలన్నీ మూలకు నెట్టి, నీ బిడ్డకు టేకు ఉయ్యాల చేశారు. చూస్తే కళ్లు చాలవనుకో. "విప్పి పెట్టెలో సర్దండి, విమానంలో పట్టుకుపోదాం" అన్నాను. "విప్పడమేంటే? ఒక్క మేకు కూడా వాడలేదు. చెక్కలోకి చెక్క దిగ్గొట్టి జిగురేశాను. రంపంతో కోస్తే తప్ప ఊడదు" అన్నారు, అదేదో ఘనకార్యంలా!

సరే, కారే నయమని నిన్న వీధిలోకి మోసుకొచ్చాం. చెక్కను వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచే మనిషి, కారు తలుపు కొలవడం మరిచిపోయారు! అటు తిప్పీ ఇటు తిప్పీ, వీధివాళ్లందరి సలహాలూ విని, చివరికి ముందు సీటు ఊడదీస్తే గానీ అది లోపలికి దూరలేదు. ఇక ఉయ్యాల దర్జాగా ఆయన పక్కన, నేను వెనక మూటల మధ్య.

మీ గుమ్మం వెడల్పు బావగారి చేత కొలిపించి వెంటనే రాయి. ఈయన అదీ కొలవలేదు. మెత్తని పాత చీరలు ఉన్నాయా, నన్ను తెమ్మంటావా? మెట్లు నిదానంగా దిగు. బావగారికి మా నమస్కారాలు.

నీ కడుపులో ఉన్న బుజ్జాయికి పిన్ని మాటగా చెప్పు: ఉయ్యాల రోడ్డు మీద వస్తోంది, అది గుమ్మం దాటేదాకా కాస్త ఓపిక పట్టమని.

నీ చెల్లి