రోడ్డు మీద ఎవరూ లేరు

నా బంగారుతల్లి గువ్వకు,

నాన్న ఎగిరి గంతేస్తూ రాస్తున్నాడనుకో. మోకాళ్ళు ఒప్పుకోక గంతు మానేసి కలం పట్టుకున్నాను. మీ తమ్ముడు బాగుపడుతున్నాడే తల్లీ! ఫోనులో చెప్పొచ్చు గానీ, ఈ రెండు గదుల ఇంట్లో గుసగుసలాడినా అందరికీ వినబడుతుంది. పైగా ఇందులో ఒక రహస్యం ఉంది.

ముందు మూడేళ్ళుగా నీ దగ్గర దాచిన సంగతి చెప్తాను. వాడు బేకరీ వ్యాను నడుపుతాడు కదా. పొద్దున్నే పదకొండు దుకాణాలకు రొట్టెలు వేసి మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు. రాగానే ఒకటే ప్రశ్న. "నాన్నా, వంతెన దిగాక చక్రం కింద ఏదో తగిలినట్టయింది. మనిషేమో?" గుంట అయ్యుంటుందిరా అంటే వినడు. వెనక్కి వెళ్ళి చూస్తాడు. చూసొచ్చే దారిలో ఇంకెవరినైనా గుద్దానేమోనని మళ్ళీ వెళ్తాడు. చూడలేక ఒకరోజు, "నువ్వు కూర్చో, నేను చూసొస్తా" అన్నాను. ఆ ఒకరోజు మూడేళ్ళయింది. రోజూ మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని వంతెన దాకా నడిచి, లేని మనిషి కోసం కాలవల్లోకి తొంగిచూసి రావడం. దారిలో చెప్పులు కుట్టే ఆయన, "ఏం పారేసుకున్నారు పెద్దాయనా, నేనూ వెతకనా?" అనేవాడు. ఏం చెప్పను? ఇంటికొచ్చి "రోడ్డు మీద ఎవరూ లేరురా" అంటే గానీ వాడు కంచం ముందు కూర్చునేవాడు కాదు. అలిసిపోయాను తల్లీ. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినా ఇంత అలుపు ఎరగను.

చివరికి మనసుకు వైద్యం చేసే మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాం. మాత్రలిస్తారనుకుంటే నోటుబుక్కు ఇచ్చారు! వచ్చిన భయాన్ని ఎడమ పక్కన రాయాలి. కుడి పక్కన, 'ఇది ఆలోచన, జరిగిన సంగతి కాదు' అని రాయాలి. ఆపైన మెట్టు మెట్టుగా సాధన. మొదటివారం సందు చివరిదాకా నడిపి, వెనక్కి వెళ్ళి చూడకుండా రావాలి. తర్వాత బజారు, తర్వాత వంతెన. భయం వస్తే రానివ్వాలట. చూసుకోకుండా ఓపిక పడితే, ఎక్కినది దానంతట అదే దిగుతుందట. శనివారాలు ఇలాంటివాళ్ళు ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. అందులో ఒక లెక్కల టీచరమ్మ ఇంటి తాళం నలభైసార్లు లాగి చూస్తుందట. "లెక్కల టీచరు కాబట్టి నలభై అని కచ్చితంగా చెప్పింది నాన్నా!" అంటూ వాడు నవ్వాడు. వాడి నవ్వు ఎలా ఉంటుందో మర్చిపోయానే!

మాకు మాత్రం ఒకటే ఆజ్ఞ. వాడడిగితే జవాబు చెప్పకూడదు, రోడ్డు చూసి రాకూడదు. మా జవాబే ఆ భయానికి మేతట.

ఇదిగో రహస్యం. నేను చూసిరావడం మానలేదు. పేపరు చదవడానికని చెప్పి వెళ్ళొస్తాను. వాడికి జవాబు చెప్పను, నీ మీద ఒట్టు. గుమ్మంలోకి రాగానే మీ అమ్మతో గట్టిగా, "ఆకలేస్తోంది, వడ్డించు" అంటాను. అంతే! వాడి ముఖం విప్పారుతుంది. ఆరు వారాలుగా ఒక్క ప్రశ్న అడగలేదు. మేడమ్ కూడా మెచ్చుకున్నారు. ఏడో తరగతితో చదువు మానేసిన మీ నాన్న బుర్ర చూశావా!

నువ్వు బిడ్డను పోగొట్టుకున్న ఏడు ఇలాంటి వైద్యానికి వెళ్తానంటే, "కబుర్లు చెప్పుకోవడానికి డాక్టరెందుకే" అని నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. క్షమించు తల్లీ.

ఆనందం పట్టలేక ఇంత పొడుగు రాసిన
మీ నాన్న


నా చిట్టితల్లి గువ్వకు,

నీ ఉత్తరం అందింది. నాలుగే లైన్లు. "నాన్నా, నువ్వు నోరు మూసుకుని ఆకలితో జవాబు చెప్తున్నావు. వాడికి వైద్యం జరగడం లేదు. వెంటనే మేడమ్‌కి చెప్పు." కోపమొచ్చి మడిచి దిండు కింద పెట్టాను. కడుపున పుట్టిన పిల్ల నాకు పాఠం చెప్పడమేమిటని.

ఆ మర్నాడే నాకు జ్వరం తగిలింది. రెండు రోజులు మంచం దిగలేదు, ఆకలన్న మాటే లేదు. వాడు భోజనం దగ్గర కూర్చుంటాడు, లేస్తాడు. గుమ్మం దాకా వెళ్తాడు, నా ముఖం చూస్తాడు. రెండు రోజుల్లో ఏడుసార్లు వంతెన దగ్గరికి పోయొచ్చాడు. మూడోరోజు వ్యాను తాళాలు చేత్తో పట్టుకుని, "ఈ వైద్యం నాకు పని చెయ్యలేదు. తాళాలు ఓనరుకిచ్చి వచ్చేస్తా. ఇక బండి ముట్టను" అన్నాడు. బండి తప్ప వాడికి వేరే పని రాదు. మీ అమ్మ గోడకానుకుని కూలబడింది. "రేపు మేడమ్ అందరినీ రమ్మన్నారు, ఒక్కరోజు ఆగరా" అని బతిమాలాను.

అక్కడ నాలుగు కుర్చీలు వేశారు. చెప్పేశాను తల్లీ. పేపరు సాకు, నడక, ఆకలి, అన్నీ. మేడమ్ తిట్టలేదు. వాడు తల దించుకుని, "నాకు తెలుసు నాన్నా. నువ్వు ఎప్పుడు ఆకలంటావా అని తలుపు వెనక నిలబడేవాణ్ణి" అన్నాడు. తండ్రీకొడుకులం కలిసి ఆవిడ కళ్ళు కప్పామన్నమాట.

"వద్దన్నా మీరెందుకు ఆపలేకపోయారు?" అని మేడమ్ నెమ్మదిగా అడిగారు. ప్రేమండీ అనబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. నువ్వు పుట్టిన ఏడు, ఒక స్టాపులో ముసలాయన దిగుతుండగానే బస్సు కదిలించాను. అద్దంలో చూశాను, ఎవరూ కనబడలేదు. సాయంత్రం డిపోలో చెప్పారు, ఆయన వెనక చక్రం పక్కన పడి తుంటి విరిగిందని. మనిషి బతికాడు. కండక్టరు నా మీదికి రాకుండా ఏదో సర్దాడు. నేను ఆసుపత్రికి పోయి ఆయన ముఖమైనా చూడలేదు. అప్పటి నుంచీ అద్దాన్ని నమ్మలేదు. వీడు "మనిషేమో" అన్న ప్రతిసారీ గొడుగు పట్టుకుని వెతికింది ఆయన్నేనేమో తల్లీ.

మీ అమ్మ కుర్చీలోంచి లేచింది. "నలభై ఏళ్ళు పక్కన పడుకున్నాను, ఈ మాట నాతో అనలేదేమండీ?" అని ఏడ్చింది. నా భుజం మీద ఒకటి వేసింది కూడా.

నీ సంగతి కూడా చెప్పాక మేడమ్ అన్నది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. నీది దుఃఖం, దాన్ని మాటల్లో పెట్టి ఎవరో ఒకరు వినాలి. వాడిది భయం, దాన్ని మాటలతో జోకొట్టకుండా ఎదురెళ్ళాలి. నాది పాత బరువు, ఇన్నాళ్ళూ దించుకోవడానికి చోటు లేదు. అందరికీ ఒకే వైద్యం సరిపోదట. నాకు మంగళవారాలు ఇచ్చారు. మొదటి మంగళవారం గంటసేపు మాట్లాడి, ఇంటికొచ్చి చొక్కా విప్పకుండా సాయంత్రం దాకా నిద్రపోయాను. ఎన్నేళ్ళ అలుపో.

వాడు తాళాలు ఇవ్వలేదు. మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి నిజంగా. నేను ఇంట్లోనే కూర్చున్నాను. కూర్చోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదే! కాళ్ళు వాటంతట అవే చెప్పుల వైపు పోయేవి. మీ అమ్మ చెప్పులు దాచేసింది.

ఇది తొమ్మిదో వారం. నిన్న మధ్యాహ్నం వాడు వచ్చాడు. చొక్కా అంతా చెమట. నా ఎదురుగా కూర్చుని, "వంతెన దిగాక గట్టిగా తగిలింది నాన్నా. వెనక్కి వెళ్ళలేదు. పదకొండు దుకాణాలూ వేసేశాను. ఏం తగిలిందో నాకు తెలీదు" అన్నాడు.

వాడి కళ్ళలోకి చూసి, "నాకూ తెలీదురా" అన్నాను.

ముందు వాడికి నవ్వొచ్చింది, తర్వాత నాకు. ఆపుకోలేక కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాం. వంటింట్లోంచి మీ అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "ఏమీ తెలీనందుకే ఇంత సంబరమైతే, తెలిస్తే ఊరంతా పందిళ్ళు వేయిస్తారా?" అంది.

నువ్వు రాసిన నాలుగు లైన్లకు ఋణపడిన
మీ నాన్న