పొడిపొడి కాషా

శనివారం రాత్రి, దోహా

ఇంకా కడుపు మండుతూనే ఉంది. శనివారాలు అత్తయ్యగారు రాత్రి అన్నం తినరు, నా ఉప్మాయే ఫలహారం. ఇవాళ ఎదురు ఫ్లాట్ మరీనా ‘కాషా’ అంటూ ఒక గిన్నె తెచ్చిచ్చింది. వాళ్ళ ఉక్రెయిన్‌లో బక్‌వీట్ అనే గింజలతో మన ఉప్మాలా వండుకుంటారట. మాంసం లేదు కదా అని అడిగి మరీ తీసుకున్నాను.

అత్తయ్యగారు మారు వడ్డించుకున్నారు. “ఎంత పొడిపొడిగా ఉందో చూడు. నువ్వు చేస్తే ముద్దయిపోతుంది కదమ్మా,” అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి నా ఉప్మాని ఒక్కసారైనా బాగుందన్న పాపాన పోలేదు. పైగా ఈయన కూడా తలూపారు!

ఆ గుట్టేమిటో కనుక్కోవాలని, ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కనుక కొబ్బరి లౌజు పెట్టుకుని వెళ్ళాను. మరీనా ఏమీ దాచలేదు.

“మా అమ్మమ్మ వాళ్ళు యూదులు. గింజలకి గిలక్కొట్టిన గుడ్డు పట్టించి, బాగా వేయించి, అప్పుడు నీళ్ళు పోస్తాం. అందుకే ఒకదానికొకటి అంటుకోవు.”

గుడ్డు! అది అడగాలని నాకు తట్టనే లేదు. సిగ్గులేకుండా ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. అత్తయ్యగారు పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టలేదు.

లోపలికి రాగానే అడిగారు. “నేర్చుకున్నావా? వచ్చే శనివారం అదే చెయ్యి.”

“ఆవిడకి కుదిరినట్టు నాకు కుదరదు అత్తయ్యా.”

అది ముందే తెలుసన్నట్టు తల పంకించారు. అసలు సంగతి నోటిదాకా వచ్చింది. ఇంకా అక్కడే ఉంది.