చీటీలో సుగుణమ్మ

ఫిబ్రవరి 18, బుధవారం

చర్చిలో శ్రమదినాల ప్రార్థన చీటీ తీశాను. సుగుణమ్మ.

సంతోషంగా మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే తట్టింది — ఏ సుగుణమ్మ? మన చర్చిలో ఇద్దరున్నారు కదా! ఒకరు టీచరమ్మ. ఆమె పేరు వస్తే ఎవరికైనా పండగే. రెండో ఆమె జనవాడ ఊళ్లో ఉండే అక్క. నా తోటికోడలు. మా మధ్య మాటల్లేక నాలుగేళ్లు.

ఇప్పుడు నలభై దినాలు ఎవరి కోసం మోకరించాలి? అమ్మగారు చీటీ మీద ఇంటిపేరు రాస్తే ఏం పోయేది? పాస్టరుగారి భార్య అన్నాక ఆ మాత్రం చూసుకోవద్దూ... రూలేమో పక్కాగా చెప్పింది — ఎవరికీ చెప్పకూడదు, ఎవరినీ అడగకూడదు, ఈస్టర్ నాడు మన చేత్తో చేసిన కార్డు ఇచ్చి ‘నీ కోసం ప్రార్థించింది నేనే’ అనాలి. కొన్న కార్డు పనికిరాదట.

ఫిబ్రవరి 19

టీచరమ్మే. అంతే. అనుకుంటే అయిపోయింది.

ఫిబ్రవరి 23, సోమవారం

అయిపోలేదు. కళ్లు మూసుకుని ‘సుగుణమ్మను దీవించు ప్రభువా’ అంటానా, జనవాడ అక్క ముక్కుపుడక కనిపిస్తుంది.

ఈయనకు చెప్పేశాను. భర్తకు చెప్తే రూలు తప్పినట్టు కాదనుకుంటా. కొల్హార్ ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చి చాయ్ తాగుతూ విన్నాడు. “పోయి అమ్మగారిని అడుగరాదు? ఒక్క నిమిషం పని. దీనికింత పరేషానా?” అన్నాడు. అడగకూడదు కదా అన్నాను. “నాకు చెప్పొచ్చు, ఆమెను అడుగొద్దా? భలే రూలు నీది” అని నవ్వాడు.

కోపమొచ్చి పెరట్లోకి వెళ్లి గులాబీ కొమ్మలు కొట్టేశాను. ఎండలు ముదరకముందే చేయాల్సిన పనే. కోపంలో రెండు మంచి కొమ్మలు కూడా పోయాయి.

మార్చి 1, ఆదివారం

చర్చిలో టీచరమ్మ గడ్డం పట్టుకుని “మంచిగున్నవా బిడ్డా? పెయ్యి చిన్నగైంది, చిక్కిపోయినవ్” అంది. ఆమె అందరినీ అలాగే పలకరిస్తుంది, అయినా నాకొక్కదానికే అన్నట్టు ఉంటుంది. ఆమె మోకాళ్ల కోసం ప్రార్థించాలని మనసులో రాసుకున్నాను.

అక్క రెండు బెంచీల ముందు కూర్చుంది. మెట్లు దిగుతూ ఆమె కూడా మోకాలు పట్టుకుంది. ఛ! ఇప్పుడు మోకాళ్లని ప్రార్థిస్తే అది ఎవరికి వెళ్తుంది?

మార్చి 7

నేను పనిచేసే జిరాక్స్ షాపులో పాత పెళ్లిపత్రికల శాంపిళ్లు ఒక డబ్బా నిండా ఉన్నాయి. పారేయమంటే సంచిలో వేసుకుని తెచ్చాను. మందం, మెరుపు, బంగారు గీత... అన్నీ బాగున్నాయి కానీ ప్రతిదాని మీదా వినాయకుడు. ఆయన పక్కన ఈస్టర్ వాక్యం రాయలేను, ఆయన్ను కత్తిరించడానికి చెయ్యి రాదు. చివరికి లోపలి కాగితాలు మాత్రం తీసుకున్నాను.

పెరట్లో కాగితం పూలు, కనకాంబరాలు కోసి పాత డైరీలో పెట్టి పైన రోలు ఎత్తి పెట్టాను. ఈయన చూసి “పూలకు గింత శిక్షనా” అన్నాడు.

మార్చి 11

రోలు తీశాను. కనకాంబరం నల్లబడింది. కాగితం పువ్వు రంగు పోలేదు, అద్దినట్టుంది. మొదటి కార్డు — గమ్ ఎక్కువై పువ్వు జారింది. రెండోది వంకర. మూడోది ఎవరికైనా ఇవ్వొచ్చు. ‘ఎవరికైనా’ అంటే ఎవరికి?

పేరు రాసే చోటు ఖాళీగా వదిలాను.

మార్చి 15, ఆదివారం

చర్చి నుంచి వస్తే గేటు దగ్గర బస్తా. చెరుకాకు. ఎండాకాలం మొక్కల మొదట్లో పరిస్తే తడి ఆరదని అత్తమ్మ ఉన్నప్పుడు బావ ప్రతి ఏడూ పొలం నుంచి పంపేవాడు. నాలుగేళ్లుగా రాలేదు. మేము అడగలేదు, వాళ్లు పంపలేదు.

“మీ అన్ననే ఇచ్చిండా?” అని ఈయన్ని అడిగాను. “అన్న ఇయ్యలే. వదినె కట్టిపెట్టిందట, తీస్కపో అన్నడు.”

అక్క కట్టిందా. ఎందుకు కట్టింది? ఆమె చీటీలో నా పేరు గాని వచ్చిందా? లేక ఊరికేనా? ఊరికే ఎవరైనా నాలుగేళ్ల తర్వాత చెరుకాకు పంపుతారా...

బస్తా విప్పలేదు.

మార్చి 17, మంగళవారం

విప్పాను. నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి కూడా రావడం లేదు, పంతం పడితే మొక్కలు చస్తాయి.

అత్తమ్మ కిటికీ కింది కుండీలన్నీ జరిపి మట్టి గుల్ల చేశాను. ఆమె కూర్చునే చోటు. పెద్ద కుండీలో వేళ్ల మధ్య ఏదో మెరిసింది. మందు గోళీల అట్ట. పేరు చెరిగిపోయింది. తొమ్మిది గుంటలు ఖాళీ, ఒక గుంటలో గోళీ అలాగే ఉంది. వేలితో నొక్కితే పొడి అయింది.

 మట్టి చేతులతో అక్కడే కూలబడ్డాను.

రాస్తాను. ఇక్కడైనా రాయాలి. అత్తమ్మ తెల్లవారుజామున పోయింది. ఆ రోజు టెంటు కింద అందరూ ఉన్నారు, పెట్టె ఇంకా మూయలేదు. అక్క ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారి నా వైపు తిరిగి “వినోదా, రాత్రి బీపీ గోళీ ఇచ్చినవా లేదా?” అంది. అందరూ నన్నే చూశారు. నేను మాట్లాడలేదు. అవమానంతో మాట రాలేదనే ఈయనకు చెప్పాను, మా అమ్మకు చెప్పాను, నాకూ అదే చెప్పుకున్నాను. తోటికోడలు నలుగురిలో నింద వేసిందని నాలుగేళ్లు మండిపోయాను.

నిజమేమిటంటే నాకు గుర్తులేదు.

మార్చి 18

ఇచ్చానా?

మార్చి 20

ఆ రాత్రి షాపు నుంచి ఆలస్యంగా వచ్చాను. పరీక్షల ఫారాలు, ఒకటే రద్దీ. పాలు పొంగాయి, స్టవ్ తుడిచాను. ఇంతవరకు ఖాయం. తర్వాత అత్తమ్మ చేతికి గ్లాసు ఇవ్వడం కళ్లకు కనిపిస్తుంది. గాజు గ్లాసు, నీలం పువ్వులది. కానీ అది ఆ రాత్రిదా, అంతకుముందుదా? ప్రతి రాత్రీ అదే గ్లాసు కదా.

పైగా ఈ అట్ట ఒకటి. ఆమెకు గోళీలంటే విసుగు, చేదని చిన్నపిల్లలా ముఖం తిప్పేది. నేను ఇస్తే మింగినట్టు చేసి కుండీలో వేసేదా? మరి తొమ్మిది గుంటల గోళీలు మింగిందా, మట్టిలో కలిశాయా? అసలు అట్ట ఎప్పటిది? ఇది నా పక్కన నిలబడే సాక్ష్యమా, నాకు ఎదురు నిలబడేదా... ఏమీ అర్థం కావడం లేదు. పిచ్చి పట్టేలా ఉంది.

సబ్బు డబ్బాలో దాచాను. ఈయనకు చూపించలేదు.

మార్చి 24

నీడ వల కట్టించాం. పెరడంతా పచ్చటి వెలుతురు. మొక్కలకు చల్లగా ఉంది, నాకే లేదు.

ప్రార్థన ఇలా చేస్తున్నాను ఇప్పుడు — సుగుణమ్మను చల్లగా చూడు ప్రభువా, ఎవరో నీకు తెలుసు, నాకు చెప్పకు.

మార్చి 29, మట్టల ఆదివారం

అమ్మగారు ఒంటరిగా దొరికింది. అడుగుదామని నోరు తెరిచాను. “ఈస్టర్ చాయ్‌కి పాలు ఎన్ని లీటర్లు చెప్పాలె అమ్మగారూ?” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

జనవాడ అక్క అని చెప్తుందని భయమా? టీచరమ్మ అని చెప్తుందని భయమా? మొన్నటిదాకా మొదటిదే. ఈ వేళ రెండోదనిపించింది. టీచరమ్మ అని తేలితే అక్క దగ్గరికి వెళ్లడానికి నాకు సాకు ఉండదు.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

అక్క రాలేదు. ఒంట్లో బాలేదట. మోకాళ్లేనా?

ఏప్రిల్ 4

మూడో కార్డు తీసి పేరు రాశాను. ‘సుగుణమ్మ గారికి’ అని రాస్తే టీచరమ్మది అవుతుంది. పెన్ను చాలాసేపు పట్టుకున్నాను. ‘సుగుణక్కకు’ అని రాశాను. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.

చీటీలో వచ్చింది కాబట్టి ఇస్తున్నా అని చెప్తాను. తప్పేముంది, వచ్చిందే కదా. వచ్చిందేమో.

ఏప్రిల్ 5, ఈస్టర్

 వరుసగా రాస్తాను.

తెల్లవారి ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరూ కార్డులు ఇచ్చుకుంటున్నారు. అరుపులు, నవ్వులు, “అరే, నువ్వేనా!” అని కౌగిలింతలు. నేను నేరుగా అక్క దగ్గరికి వెళ్లాను. వెళ్లాక చూశాను — ఆమె చేతిలో అప్పటికే ఒక కార్డు ఉంది. కీబోర్డు వాయించే ప్రభాకర్ ఇచ్చాడట. అతనికీ సుగుణమ్మే వచ్చిందట. నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

అక్క నా కార్డు చూసింది, నన్ను చూసింది. “నా కార్డు నాకొచ్చింది గదా. ఇదేంది మరి?”

చీటీ మాట ఎత్తలేదు. “నేనే చేసిన అక్కా” అన్నాను. నాలుగేళ్ల తర్వాత మొదటి మాట.

ఆమె పువ్వు మీద వేలు పెట్టి, “గిది అత్తమ్మ పెట్టిన చెట్టుదే గదా” అంది. కళ్లు నిండాయి. “వినోదా, ఆ దినం నేనడిగిన మాట...” ఇంతలో బావ బండి హారన్ కొట్టాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “రేపొస్త ఇంటికి. కూసోని మాట్లాడుకుందాం. ఆగం చెయ్యకు, అన్నం గిన్నం వండకు.” కార్డు పట్టుకుని వెళ్లిపోయింది.

అప్పుడు టీచరమ్మ కనిపించింది. వేప చెట్టు కింద, ఒళ్లో ఖాళీ చేతులు. వచ్చేపోయే పిల్లల కార్డులన్నీ చూసి మెచ్చుకుంటోంది. ఆమెకు ఒక్కటి కూడా రాలేదు.

ప్రాణం ఉసూరుమంది. ప్రభాకర్‌ను అడిగితే “టీచరమ్మకు ఎట్లైనా ఎవరో ఒకలు ఇస్తరనుకున్న అక్కా” అన్నాడు. అమ్మగారిని అడిగాను — చివరికి అడిగాను! ఆమె నుదురు కొట్టుకుంది. “రెండు చీటీలు ఒక్కతీరుగనే రాసిన. ఏది ఎవరిదని నేనేడ అనుకున్న? అడగాల్సి ఉండె గదా బిడ్డా.”

అంటే నా చీటీ ఎవరిదీ కాదు. నలభై దినాలు దేవుడు తోస్తున్నాడనుకున్నాను, ఈయన మీద ఎగిరాను, రూలు రూలు అన్నాను. ఎవరూ తోయలేదు. నేనే వెళ్లాను.

ఏప్రిల్ 6, సోమవారం

పొద్దున్నే టీచరమ్మకు కార్డు చేశాను. ఈసారి పువ్వు నిటారుగా వచ్చింది. వెళ్లి ఇచ్చి, ఆలస్యమైందని చెప్పాను. “చేసేదానికి టైం పడ్తది బిడ్డా” అని నా చెయ్యి వదల్లేదు. ఆమె కోసమని సగం ప్రార్థన కూడా చేయలేదని చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

పెరడు ఊడ్చాను. చెరుకాకు సర్దాను. వల కింద రెండు కుర్చీలు వేశాను. వండొద్దంది కానీ పప్పు పొయ్యి మీద పెట్టాను.

సబ్బు డబ్బా బల్ల మీద ఉంది. మళ్లీ లోపల పెట్టాను. మళ్లీ తీశాను.

అట్ట చూపిస్తే, తప్పు అత్తమ్మ మీదికి నెట్టినట్టు అవుతుందా? చూపించకపోతే దాచినట్టు అవుతుందా? గోళీ ఇచ్చాను అంటే అక్క నమ్ముతుంది, కార్డు తీసుకున్న ముఖం అది. ఇవ్వలేదు అంటే క్షమిస్తుందేమో కూడా. గుర్తులేదు అంటే? గుర్తులేదు అన్న మనిషిని ఎవరైనా ఏం చేయాలి?

ఆలోచిస్తే ఆమె నింద వేయలేదు. అడిగింది, అంతే. ఆ రోజు అందరిలోకీ నన్ను అడిగింది ఆమె ఒక్కతే.

గేటు గొళ్లెం తీస్తున్న చప్పుడు. “వినోదా” అంటోంది.