ప్రొఫెసర్ గారి చేతులు

పరుపులు కుట్టే బాబాయికి,

నీ అన్న కూతురు నమస్కారాలు. ఇక్కడ నేనూ నా కుక్కలూ క్షేమం. అక్కడ నువ్వూ నీ నోరూ క్షేమమే అనుకుంటాను.

ఏం చదువుతున్నావని పోయినసారి అడిగావు. దిక్కులేని జంతువులుండే షెల్టర్‌కి డాక్టర్నవడానికి పీజీ. ఒక్క కుక్కకి మందివ్వడం కాదు బాబాయ్, షెల్టరంతా ఒకే రోగి అనుకుని చూడాలి. ఒకదానికి దగ్గొస్తే అన్నిటికీ వస్తుంది. దిగులూ అంతే.

ఇక్కడ గుర్రుగాడని ఒకడున్నాడు. ఎవరు దగ్గరికెళ్ళినా పళ్ళు చూపిస్తాడు. వచ్చే నెల మొదటి శుక్రవారం వాడికి పరీక్ష. మనిషంత బొమ్మని బోనులో కూర్చోబెట్టి, దాని చెయ్యి వాడి తల మీదికి పోనిస్తాం. కరిచాడంటే పెంచుకునేవాళ్ళకి ఇక వాణ్ణి చూపించరు. వెనక గదిలోనే బతుకంతా వెళ్ళదీయాలి. నా థీసిస్ కూడా వాడి మీదే. పాత బొమ్మని ఎవడో పీకి పీలికలు చేశాడు. నువ్వొకటి కుట్టి పంపవా?

ఇట్లు,
నీ కుక్కల డాక్టరమ్మ

తా.క.: నీ వేళాకోళాలు వద్దు. మామూలు మనిషి బొమ్మ చాలు.

*

చిరంజీవి కుక్కల డాక్టరమ్మని బాబాయి దీవించి రాయునది.

మీ చదువు నాకు బాగానే అర్థమైంది. పిల్లలకి బొమ్మనిస్తే ఆట, కుక్కలకిస్తే పరీక్ష. ఏడో క్లాసులో నాకూ ఇలాంటి పరీక్షే పెట్టుంటే, మేష్టర్ని కరవకుండా కూర్చుని పాసైపోయేవాణ్ణి.

బొమ్మ పంపాను. లోపల మంచి దూది. పైన చొక్కా నాది, ఉతికిందే. మామూలు మనిషి అన్నావు గానీ, మామూలు మనిషిని నేనింతవరకు చూడలేదు, మీ పిన్నితో సహా. అందుకని నువ్వు పంపిన కాలేజీ ఫోటోలో మధ్యన నిలబడ్డాయన్ని చూసి కుట్టాను. బట్టతల, గుబురు మీసం, కళ్ళజోడు, అన్నీ దిగాయి. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు, నేనూ వెనక్కే కుట్టేశాను. పనిలో నిజాయితీ ఉండాలి కదా.

ఇట్లు,
బాబాయి

తా.క.: ఎవరాయన? వాచ్‌మనా? మొహం చూస్తే ఎవరొచ్చినా గేటు తియ్యనివాడిలా ఉన్నాడు.

*

బాబాయ్! నమస్కారం తర్వాత పెడతాను.

ఆయన వాచ్‌మన్ కాదు, మా ప్రొఫెసర్! నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యినే తీసుకెళ్ళి వీపుకి కుట్టావు! పార్సెల్ విప్పగానే బోనులు కడిగే అక్క లేచి, "ఇప్పుడే కడిగేస్తాను సార్" అంది బొమ్మతో. మందుల బీరువా వెనక దాచాను గానీ కళ్ళజోడు బయటికి కనబడుతూనే ఉంది. శుక్రవారం పరీక్ష చూడటానికి సారే వస్తున్నారు. మొహం సంగతి నేను చూసుకుంటాను. ముందుకి చాపడానికి రెండు చేతులు కుట్టి వెంటనే పంపు. చెయ్యి లేకపోతే పరీక్షే లేదు.

ఇట్లు,
కొంప మునిగిన నీ డాక్టరమ్మ

తా.క.: మీసం ఏం దారంతో కుట్టావు? నా కత్తెర విరిగింది.

*

కొంప మునిగిన చిరంజీవికి,

అది పరుపుల దారం తల్లీ. ముందు ప్రొఫెసర్ మీసమైనా ఊడుతుందేమో గానీ ఇది ఊడదు.

చేతులు కుట్టాను. వేళ్ళూ గోళ్ళూ కూడా పెట్టాను. అక్కడే దెబ్బతిన్నాం. పోస్టాఫీసు గుమాస్తా పార్సెల్ నొక్కి చూశాడు. వేళ్ళు తగిలాయి. ఇంకాస్త పైన నొక్కాడు. మోచెయ్యి తగిలింది. ఆ తర్వాత అతన్ని బెంచీ మీద పడుకోబెట్టి విసరాల్సొచ్చింది. కానిస్టేబులొచ్చి "ఎవరివివి?" అన్నాడు. అబద్ధం దేనికని "ప్రొఫెసర్ గారివి" అన్నాను. "మిగతా ప్రొఫెసర్ ఏడీ?" అన్నాడు. "ముందే పంపించేశాను" అన్నాను.

చేతుల్నీ నన్నూ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. దూది చూశాక నన్నొదిలారు గానీ, ఎస్సైగారు సెలవు నుంచి వచ్చేదాకా చేతుల్నొదలరట. శుక్రవారానికి అందవు. ఉన్నవాడితో సర్దుకో.

ఇట్లు,
చేతులు కాల్చుకున్న బాబాయి

తా.క.: ఊరికే కూర్చోవడమెందుకని ఎస్సైగారి కుర్చీకి దిండు కొలత తీసుకొచ్చాను.

*

నా బంగారు బాబాయికి,

శుక్రవారం సార్ రానే వచ్చారు. గత్యంతరం లేక నీ బొమ్మనే బోనులో కూర్చోబెట్టాను. సార్ బొమ్మని చూశారు. బొమ్మ సార్‌ని చూసింది. ఇద్దరి చేతులూ వెనక్కే ఉన్నాయి. "నా మీసం ఇంత ఉంటుందా?" అన్నారు. చదువు మానేసి నీ దగ్గర దూది ఏకుదామనుకున్నాను.

అప్పుడు గుర్రుగాడు లేచాడు. గుర్రుమనలేదు. బొమ్మ చుట్టూ వాసన చూసి, వీపు వైపు వెళ్ళి చేతులెక్కడున్నాయో చూసుకుని, ఇటొచ్చి ఒళ్ళో తలపెట్టి పడుకున్నాడు.

సార్ వంగి వాణ్ణే చూశారు. "వచ్చిన ప్రతివాళ్ళం వీడి మీదికి చెయ్యి చాపుతున్నామమ్మా. వీణ్ణి కొట్టిన చెయ్యి కూడా అలాగే వచ్చుంటుంది" అన్నారు. చేతులు వెనక్కి పెట్టుకునే లోపలికెళ్ళి బొమ్మ పక్కన నేల మీద చతికిలబడ్డారు. గుర్రుగాడు ఈ మీసం చూశాడు, ఆ మీసం చూశాడు. లేచి వెచ్చగా ఉన్న ప్రొఫెసర్ ఒళ్ళోకి మారాడు.

ఇప్పుడు వాడు సార్ ఇంట్లో, ఆయన కుర్చీలో ఉంటున్నాడు. సార్ నిలబడుతున్నారు. చెయ్యి చాపకుండా పరీక్ష పెట్టడమెలా అన్నదే నా థీసిస్. సార్ సంతకం పెట్టేశారు. వెనక గదిలో ఉన్నవాళ్ళందరికీ మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు పెడుతున్నాం.

ఇట్లు,
కొంప తేలిన నీ డాక్టరమ్మ

తా.క.: స్టేషన్‌లో చేతుల్ని విడిపించు. మావాళ్ళకి ధైర్యమొచ్చాక అవీ కావాలి.

ఇంకో తా.క.: సార్ భార్య వచ్చి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూశారు. బొమ్మని ఇంటికి పంపి, సార్‌ని షెల్టర్లోనే ఉంచమంటున్నారు.